మీ నాన్నకి కరెంటు పెట్టించే ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. నోటి క్యాన్సర్‌కి చేసిన దవడ ఆపరేషన్ కుట్లు మానాయనీ, ఇక ఆరు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ ఆరు వారాలూ మీ నాన్న పక్కన ఉండేది నువ్వే కాబట్టి నీకే రాస్తున్నా. దాచుకో, మళ్లీ మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది.

అందరూ కరెంటు అంటారు గానీ అది కరెంటు కాదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే మెషీన్లోంచి వచ్చే ఎక్స్‌రే కిరణాలు, ఫొటో తీసే ఎక్స్‌రే కన్నా చాలా బలమైనవి. షాక్ కొట్టదు, పెట్టేటప్పుడు నొప్పి తెలియదు. బయటికొచ్చాక ఒంట్లో కిరణాలేమీ మిగలవు. మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, కంచం వేరు చెయ్యక్కర్లేదు. ఇది మీ నాన్నకి ముందే చెప్పు. కంచం వేరు చేస్తే ఆ మనిషి జబ్బుకన్నా దానికే కుంగిపోతాడు.

ఆపరేషన్ అయిన నోటి క్యాన్సర్‌కి మామూలుగా ఇచ్చేది 60 గ్రే (గ్రే అంటే కిరణాల మోతాదుకి కొలత). రోజుకు 2 గ్రే చొప్పున సోమవారం నుంచి శుక్రవారం దాకా, మొత్తం 30 సార్లు. ఒకేసారి ఇచ్చేస్తే మంచి కణాలూ చచ్చిపోతాయి. కొంచెం కొంచెంగా ఇస్తే మంచి కణాలు మర్నాటికి చాలావరకు బాగుచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలు అంత బాగా చేసుకోలేవు. కానీ మూడు, నాలుగు వారాలు గడిచేసరికి మిగిలిన క్యాన్సర్ కణాలు ముందుకన్నా జోరుగా పెరగడం మొదలెడతాయి. అందుకే మధ్యలో గ్యాప్ రాకూడదు. తల, మెడ క్యాన్సర్లలో వైద్యం అనుకున్నదానికన్నా ఒక్కరోజు ఎక్కువ సాగితే జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని లెక్క. ఇక నేను చెప్పేవన్నీ ఆ గ్యాప్ రాకుండా చూసుకోవడానికే.

మొదట పళ్లు. ఈ వారమే పళ్ల డాక్టరుకి చూపించు. పుచ్చినవీ, కదిలేవీ కరెంటు మొదలవడానికి కనీసం రెండు వారాల ముందే తీయించాలి, ఆ గాయం మానాలి. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు కరెంటు మొదలవ్వాలి కనుక టైము తక్కువ. కింది దవడ ఎముకకి ఒకసారి కిరణాలు తగిలాక రక్తప్రసరణ తగ్గిపోతుంది. ఆ తర్వాత పన్ను పీకితే గాయం మానక ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. పదేళ్ల తర్వాతైనా సరే, రేడియేషన్ డాక్టర్ని అడక్కుండా పన్ను పీకించొద్దు.

ఎన్టీఆర్ వైద్యసేవ అనుమతి కాగితాలు కూడా ఇప్పుడే మొదలెట్టు. శ్రీకాకుళం నుంచి వైజాగ్‌కి రోజూ పోయిరావడం మాత్రం వద్దు. మూడో వారానికే మనిషి నీరసించి "ఇవాళ రాలేను" అంటాడు. ఆసుపత్రికి దగ్గర్లో గది తీసుకోండి.

తర్వాత మాస్క్, కిరణాలు పెట్టేటప్పుడు తల కదలకుండా పట్టి ఉంచేది. దానికి ముందురోజే క్షవరం, గడ్డం చేయించు, ఆ తర్వాత జుట్టు తీరు మార్చనీయకు. సన్నటి రంధ్రాలున్న ప్లాస్టిక్ షీటుని వేడినీళ్లలో మెత్తబరిచి, నీళ్లు దులిపి, ముఖం మీద నుంచి భుజాల దాకా లాగి బల్లకి బిగిస్తారు. గోరువెచ్చగా, తడి తువ్వాలు కప్పినట్టుంటుంది. పది నిమిషాల్లో గట్టిపడి ముక్కు, గడ్డం అచ్చుపడుతుంది. ఊపిరికి ఇబ్బంది ఉండదు. దాంతోనే సీటీ స్కాన్ తీసి, ఏ దిక్కు నుంచి ఎంత కిరణం పోవాలో ప్లాన్ గీస్తారు. దానికి వారం దాకా పట్టొచ్చు. రోజువారీ పని మాత్రం పది, పదిహేను నిమిషాలే. గదిలో ఒక్కడే ఉన్నా కెమెరాలో చూస్తుంటారు, చెయ్యెత్తితే మెషీన్ ఆపి లోపలికొస్తారు.

బరువు తగ్గితే ఆ మాస్కే వదులైపోతుంది. అప్పుడు కిరణం పడాల్సిన చోట పడదు, మళ్లీ మాస్క్, మళ్లీ ప్లాన్. కాబట్టి ప్రతి సోమవారం బరువు చూసి రాసిపెట్టు. వారంలో కిలో పైన తగ్గితే ఆరోజే చెప్పు.

రెండో వారం చివర్లో నోరు ఎర్రబడుతుంది, రుచి పోతుంది. నాలుగో వారానికి పుళ్లు. పుక్కిలించడం మాత్రం మొదటిరోజు నుంచే మొదలెట్టాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా తినే సోడా. బట్టల సోడా కాదు, డబ్బా చూసి కొను. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మెయ్యాలి, ఏ రోజు నీళ్లు ఆరోజే కలుపుకోవాలి. బజార్లో దొరికే మండే మౌత్‌వాష్ వద్దు. పెరుగు అంటుకున్నట్టు తెల్లటి పొర కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, పుండే అనుకుని ఊరుకోకు. మందుంది.

ఆవకాయ, పులుసు, వేడి కాఫీ పక్కన పెట్టండి. రాగిజావ, పాలల్లో నానిన ఇడ్లీ, గుడ్డు కలిపిన మెత్తటి పప్పన్నం, మజ్జిగన్నం రోజుకి ఆరేడుసార్లు కొంచెం కొంచెం పెట్టు. నొప్పి మందు తిండికి అరగంట ముందు వెయ్యి. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు రాశారని కంగారుపడకు, దాంతో వచ్చే మలబద్ధకానికి మందు కూడా అడుగు.

ఐదో వారంలో మీ నాన్న "నాలుగు రోజులు ఆపండి" అంటాడు. దాదాపు అందరూ అంటారు. నువ్వు గ్యాప్ అడక్కు, ముక్కులోంచి పొట్టలోకి వేసే ట్యూబు అడుగు. పలచటి జావ 200 మిల్లీలీటర్ల చొప్పున, కూర్చోబెట్టి, నెమ్మదిగా పొయ్యాలి. పోశాక మంచినీళ్లు పోసి ట్యూబు కడగాలి, అరగంట పడుకోనివ్వకూడదు. ట్యూబు పెట్టడం ఓటమి కాదని మీ అమ్మకి కూడా చెప్పు.

మెషీన్ పాడైనా, పండగ సెలవొచ్చినా ఆ రోజుని ఎలా పూడుస్తారని అడుగు. శనివారం పెట్టొచ్చు, లేదా ఒకేరోజు కనీసం ఆరుగంటల తేడాతో రెండుసార్లు పెట్టొచ్చు. అడగడానికి మొహమాటపడకు.

మెడ చర్మానికి గోరువెచ్చని నీళ్లు చాలు. పసుపు, నూనె, బ్లేడు వద్దు. కాలరు లేని నూలు చొక్కా వెయ్యి. చుట్ట, ఖైనీ పూర్తిగా ఆపాలి. పొగ తాగితే కణాలకి ఆక్సిజన్ తగ్గుతుంది, ఆక్సిజన్ లేని కణం మీద కిరణం సరిగ్గా పనిచెయ్యదు.

నోరు తెరిచే వ్యాయామం రోజుకి నాలుగైదు సార్లు చేయించు. మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరవగలగాలి. ఆపరేషన్ తర్వాత అంత తెరుచుకోకపోతే మొదటిరోజు ఎంతుందో కొలిచి రాసుకో, అంతకన్నా తగ్గనివ్వకు. కరెంటు అయిపోయాక కూడా మానొద్దు, దవడ బిగుసుకుపోయేది నెలల తర్వాతే.

జ్వరం 100.4 దాటినా, మంచినీళ్లు కూడా దిగకపోయినా, నోట్లోంచి రక్తం ధారగా వచ్చినా, ఊపిరి గురగురలాడినా తెల్లారేదాకా ఆగొద్దు.

ముప్పయ్యో రోజు అయిపోగానే తగ్గిపోతుందనుకోకు. తర్వాతి వారం, పదిరోజులు పుళ్లు ఇంకా ఎక్కువవుతాయి. నెల, నెలన్నరకి సర్దుకుంటాయి. రుచి రావడానికి నెలలు పడుతుంది, నోటి తడి మునుపటంత రాకపోవచ్చు, నీళ్ల సీసా చేతిలోనే ఉండాలి. మెడకి కిరణాలు తగిలితే థైరాయిడ్ మందగించొచ్చు, ఆరునెలలకో ఏడాదికో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించు.

పళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్తున్నారో రేపు సాయంత్రం లోపు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ