ఓసెలాట్ అంటే చిరుతపులి పిల్లేనా? ఆ పేరు ఎలా వచ్చింది?

కాదండీ, చిరుత పిల్ల కాదు, ఓసెలాట్ వేరే జాతి అడవిపిల్లి. బాగా ఎదిగినా మామూలుగా 8 నుంచి 15 కిలోలే తూగుతుంది, పైగా చిరుత ఆసియా, ఆఫ్రికాలది, ఇది అమెరికా ఖండాలది. మేం ఉండేది టెక్సాస్‌లో. జూలో మొదటిసారి చూసినప్పుడు మా పాప కూడా "నాన్నా, చిరుత పిల్ల!" అనే అరిచింది. అద్దానికి అవతల జానెడు దూరంలో కూర్చుని తల తిప్పితే అప్పుడు కనిపించాయి, నల్లటి చెవి వెనక తెల్లటి మచ్చ, చెంప మీద రెండు నల్ల చారలు. ఒంటి మీద మచ్చలు గొలుసుల్లా పొడుగ్గా సాగి ఉంటాయి, ఆ వరస ఏ రెండింటికీ ఒకేలా ఉండదు.

పేరు సంగతికొస్తే, అసలది దీని పేరే కాదు! మెక్సికోలో అజ్టెక్‌లు మాట్లాడిన నావాట్ల్ భాషలో ఓసెలోట్ల్ అంటే జాగ్వార్, చిరుతలా మచ్చలుండే అక్కడి పెద్ద పిల్లి. 18వ శతాబ్దంలో బుఫాన్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త ఆ మాటను ఈ చిన్న పిల్లికి పెట్టేశాడు, అదే నిలిచిపోయింది. జాగ్వార్‌కేమో దక్షిణ అమెరికాలోని టూపీ-గ్వారనీ భాషల మాట దక్కింది. స్పానిష్ మాట్లాడేవాళ్లు చాలాచోట్ల ఓసెలాట్‌ను తిగ్రియో అంటారు, అంటే చిన్న పులి. మనం చిరుతప్రాయం అంటాం చూడండి, చిరుత అన్నా చిన్నదనేగా, అందుకే తిగ్రియో అనే మాట వినగానే నాకు మన చిరుతపులి గుర్తొచ్చింది. కానీ తెలుగులో రాసేటప్పుడు దయచేసి ఓసెలాట్ అనే రాయండి, 'అమెరికా చిరుత' అంటే అందరూ జాగ్వార్ అనుకుంటారు.

ఒక సెలవుల్లో దక్షిణ టెక్సాస్‌లోని లగూనా అటాస్కోసా అభయారణ్యానికి వెళ్లాం. అమెరికా దేశం మొత్తంలో అడవిలో మిగిలిన ఓసెలాట్లు దాదాపు 100 మాత్రమే, అవీ దాదాపు అన్నీ దక్షిణ టెక్సాస్‌లోనే. దారి పక్కన మెస్కీట్ ముళ్లపొదలు చూస్తే మన ఊరి సర్కారు తుమ్మే అనిపించింది, నిజంగానే రెండూ దగ్గరి చుట్టాలు. ఓసెలాట్ పగలంతా ఆ కంపల్లోనే దాక్కుని రాత్రి ఎలుకలు, కుందేళ్ల వేటకు బయల్దేరుతుంది, మాకు మాత్రం ఒక్కటీ కనపడలేదు. పొలాల కోసం ఆ కంపలు చాలావరకు కొట్టేశారు, మిగిలిన తునకల మధ్య రోడ్డు దాటబోయి కార్ల కింద పడి చచ్చిపోతున్నాయి. వాటికోసమే రోడ్ల కింద దారులు కట్టారు. అటువైపు రాత్రిపూట వెళ్తే స్పీడు తగ్గించండి, పిల్లి బొమ్మ ఉన్న పసుపు బోర్డు కనిపిస్తే ఇంకా తగ్గించండి.