యాప్ తీసేశాను, డబ్బు మాత్రం పోతూనే ఉంది

ప్రశ్న: ఉచిత ట్రయల్ అంటే సినిమాల యాప్ ఒకటి పెట్టుకుని, నచ్చక ఫోన్లోంచి తీసేశాను. అయినా నెలనెలా డబ్బు కట్ అవుతోంది. ఇదేం పద్ధతి?

జవాబు: యాప్ తీసేస్తే ఫోన్లో జాగా ఖాళీ అవుతుందంతే. చందా ఉండేది మీ అకౌంట్లో. డబ్బు ఏ దారిన వెళ్తోందో ముందు తేల్చుకోండి. స్టేట్‌మెంట్లో గూగుల్ అనో ఆపిల్ అనో ఉంటే ఆ స్టోర్‌లోనే రద్దు చేయాలి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్'లోకి వెళ్లండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, అందులో పైనున్న మీ పేరు, తర్వాత సబ్‌స్క్రిప్షన్స్. ఆపిల్ ట్రయల్‌ని గడువుకు కనీసం 24 గంటల ముందే ఆపాలి, ఆఖరి రోజు దాకా ఆగితే ఒక నెల డబ్బు పోయినట్టే.

ఆ జాబితాలో మీ యాప్ పేరే లేదా? అయితే ట్రయల్ వేరే మెయిల్ ఐడీతో మొదలై ఉండాలి, లేదా కంపెనీ వెబ్‌సైట్లో నేరుగా కార్డు ఇచ్చి ఉంటారు. రెండోదైతే బ్రౌజర్లో ఆ సైట్‌కి వెళ్లి, లాగిన్ అయి, అకౌంట్ పేజీలో రద్దు చేయండి. 'ఆగండి, సగం ధరకే ఇస్తాం' అంటూ మధ్యలో పేజీలు అడ్డుపడతాయి. చాలామంది అక్కడే పని అయిపోయిందనుకుని బయటికొచ్చేస్తారు. రద్దయినట్టు మెయిల్ వచ్చిందాకా వదలకండి. చేరేటప్పుడు లేని ఈ తతంగం వెళ్లేటప్పుడు ఎందుకంటే, మీరు విసిగి ఊరుకుంటారనే.

ప్రశ్న: హెచ్‌డీ ప్లాన్ కడుతున్నాం. టీవీలో బొమ్మ బాగుంది, ఫోన్లో మాత్రం మసగ్గా వస్తోంది. నెట్ స్పీడ్‌కి ఢోకా లేదు.

జవాబు: టీవీలో బాగుందంటే ప్లాన్ సరిగ్గానే ఉన్నట్టు. ముందు యాప్ సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీ 'డేటా సేవర్' మీద ఉందేమో చూసి మార్చండి. అప్పటికీ అంతే అయితే అనుమానించాల్సింది వైడ్‌వైన్‌ని. వీడియోలు కాపీ కొట్టకుండా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే గూగుల్ తాళం అది. దానికి ఎల్1, ఎల్3 లాంటి స్థాయిలుంటాయి. ఎల్1 ఫోన్లలో ఆ తాళం చిప్‌లోని భద్రమైన భాగంలో తెరుచుకుంటుంది, ఎల్3 ఫోన్లలో మామూలు సాఫ్ట్‌వేర్‌లో. ఎల్3 అని తేలిన ఫోన్‌కి పెద్ద సర్వీసులు సాధారణంగా హెచ్‌డీ పంపవు, 480పీ దగ్గరే ఆపేస్తాయి. మీ ఫోన్ ఏ స్థాయిదో ప్లే స్టోర్‌లో దొరికే డీఆర్ఎం ఇన్ఫో లాంటి యాప్‌తో తెలుసుకోవచ్చు. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసిన ఫోన్లు చాలావరకు ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతాయి. ఫోన్ మొదటి నుంచీ ఎల్3దే అయితే ఫోన్లో చూడ్డానికి ఖరీదైన ప్లాన్ కట్టీ లాభం లేదు. ఈ ముక్క డబ్బు తీసుకునే ముందే చెప్పాల్సింది వాళ్లు.

ప్రశ్న: షాపింగ్ యాప్ ఆఫర్ల మోత భరించలేక నోటిఫికేషన్లు ఆపేస్తే, డెలివరీ కబురు కూడా రావడం లేదు.

జవాబు: మొత్తం ఆపొద్దు. ఆండ్రాయిడ్ 8 నుంచి నోటిఫికేషన్లు రకాలవారీగా ఉంటాయి. మళ్లీ ఆన్ చేసి, ఆఫర్ వచ్చినప్పుడు తుడిచేయకుండా దాని మీద వేలు నొక్కి పట్టుకోండి. అది ఏ రకమో కనిపిస్తుంది, దాన్నొక్కదాన్నే ఆపండి. కొన్ని కంపెనీలు ఆఫర్లనూ ఆర్డర్ కబుర్లనూ ఒకే రకం కింద పంపిస్తాయి, అప్పుడీ ఉపాయం పారదు. యాప్ లోపలి సెట్టింగ్స్‌లోనూ వేరు చేసే వీలు లేకపోతే, యాప్ తీసేసి క్రోమ్‌లో ఆ సైట్ తెరిచి, మూడు చుక్కల మెనూలో 'యాడ్ టు హోమ్ స్క్రీన్' నొక్కండి. నోటిఫికేషన్లకు అనుమతి అడిగితే మాత్రం ఇవ్వకండి, ఆర్డర్ వివరాలు మెయిల్‌కి ఎలాగూ వస్తాయి.