ఆటల అరుగు: దారి వేరు, సరుకు వేరు

ప్రశ్న: సివిలైజేషన్ 6 కంప్యూటర్ ఆటలో పొరుగు రాజ్యాలకు ఓపెన్ బోర్డర్స్ (వాళ్ళ దళాలు మన నేల మీద నడిచే అనుమతి) ఇవ్వకపోతే మన ట్రేడ్ రూట్లు తెగిపోతాయంటారు. అందుకని అడిగినవాళ్ళందరికీ ఇచ్చేశాను. ఒకడు వచ్చి నా నగరాల వెనక ఖాళీ జాగాలో ఊరు కట్టాడు. ఇప్పుడేం చెయ్యాలి?
(డిగ్రీ విద్యార్థి, బరంపురం)

జవాబు: తెగవు. ఆ మాట ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని గిరిసోల చెక్‌గేటు దగ్గర సరుకు లారీలు బారులు తీరేవి, ఇచ్ఛాపురం బస్సులో జనం మాత్రం హాయిగా దాటిపోయేవారు. ఈ ఆటలో దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ట్రేడర్‌ని ఏ సరిహద్దూ ఆపదు. ఆగేది సైనికులు, స్కౌట్లు (దారులు వెతికేవాళ్ళు), సెట్లర్లు (కొత్త ఊరు కట్టేవాళ్ళు). ట్రేడర్‌కి కావలసింది ఫారిన్ ట్రేడ్ సివిక్ (సివిక్ అంటే ఆటలో కల్చర్‌తో నేర్చుకునే మెట్టు), ఖాళీగా ఉన్న రూటు, అందే దూరం. మామూలుగా నేల మీద 15 గడులు, నీటి మీద 30. రూటు తెగేది యుద్ధం వచ్చినప్పుడు, లేదా దారిలో బార్బేరియన్లు దోచినప్పుడు. కాబట్టి మీరు సరిహద్దు ఇచ్చి కొనుక్కున్నది ఏమీ లేదు.

మొదట్లో అందరి నేలా అందరికీ తెరిచే ఉంటుంది. మీకు ఎర్లీ ఎంపైర్ సివిక్ వచ్చిన రోజున మీ సరిహద్దు మూతపడుతుంది. అన్ని నగరాలూ కలిపి జనాభా 6కి చేరితే ఆ సివిక్‌కి ఇన్‌స్పిరేషన్, అంటే త్వరగా పూర్తయ్యే ఊతం, దొరుకుతుంది, కాబట్టి అప్పటిదాకా తిండి దండిగా ఉన్న గడుల్లో జనాన్ని పెట్టండి. కొలొనైజేషన్ అనే పాలసీ కార్డు కూడా ఆ సివిక్‌తోనే వస్తుంది, సెట్లర్లు 50 శాతం వేగంగా తయారవుతారు. ఖాళీ జాగా మీరే ముందు నింపుకోవడం అన్నిటికన్నా మంచి కాపలా.

చాలామంది ఇక్కడొకటి చూసుకోరు. మూతపడేది మీ రంగు పడిన గడులు మాత్రమే. రెండు నగరాల మధ్య ఎవరిదీ కాని గడి ఒక్కటి మిగిలినా సెట్లర్ అందులోంచి దూరిపోతాడు. ఆ గడిని బంగారం పెట్టి కొనెయ్యండి, లేదా అక్కడ ఒక యోధుణ్ణి నిలబెట్టండి. షిప్‌బిల్డింగ్ నేర్చిన పొరుగువాడు సముద్రం మీద చుట్టూ తిరిగి వస్తాడు, తీరం వైపు కూడా కన్నెయ్యాలి.

ఇక వెలిసిపోయిన ఊరి సంగతి. దాని మీదకి యుద్ధానికి వెళ్ళకండి. ఆటకి అదనపు ప్యాకులైన రైజ్ అండ్ ఫాల్ (2018) గానీ గ్యాదరింగ్ స్టార్మ్ (2019) గానీ ఉంటే 9 గడుల లోపల ఉన్న మీ జనమంతా ఆ ఊరి లాయల్టీని (తన రాజ్యం మీద విధేయతను) లాగుతూ ఉంటారు. దగ్గరున్నకొద్దీ లాగుడెక్కువ. మీ నగరాలు పెద్దవై, వాడి సొంత నగరాలు దూరంగా ఉంటే ఊరు తిరగబడి స్వతంత్రమవుతుంది, తర్వాత మీ వైపు ఒరిగే అవకాశం ఎక్కువ. వెయిట్ చెయ్యడమే పని.

మరి ఓపెన్ బోర్డర్స్ ఎప్పుడివ్వాలి? మీ నేల నిండాక. అప్పుడైనా ఊరికే ఇవ్వొద్దు. బేరం తెరలో దాన్ని మీ వైపు పెట్టి, దీనికి ఏమిస్తారని అడిగే బటన్ నొక్కండి, కొద్దో గొప్పో బంగారం రాలుతుంది. కల్చర్ విక్టరీకి (పర్యాటకులను ఆకర్షించి గెలవడానికి) ఆడుతుంటే లెక్క మారుతుంది: ఓపెన్ బోర్డర్స్ ఉన్న రాజ్యం మీద టూరిజం 25 శాతం పెరుగుతుంది, ట్రేడ్ రూటు వేస్తే దానికదిగా ఇంకో 25. అలాంటప్పుడు ఇచ్చిపుచ్చుకోండి.

ప్రశ్న: సివిలైజేషన్ 6లోనే మిత్రుడి నేల మీదుగా సైన్యాన్ని నడిపిస్తుంటే సగం దారిలో అంతా ఎక్కడికో వెళ్ళి పడ్డారు. బగ్గా?
(పర్లాకిమిడి పాఠకుడు)

జవాబు: కాదు, ఓపెన్ బోర్డర్స్ గడువు తీరింది. స్టాండర్డ్ స్పీడులో ఒప్పందం 30 టర్నులు. తీరగానే లోపలున్న దళాలను ఆట బయటికి నెట్టేస్తుంది, ఏ వైపు పడతాయో మన చేతిలో ఉండదు. సంతకం చేసిన టర్ను నంబరు కాగితం మీద రాసుకోండి, అడ్డంగా దాటడానికి ఎన్ని టర్నులు పడుతుందో ముందే లెక్కేసుకోండి. ఇంకో మాట, మీరు వాళ్ళకి ఇచ్చారని వాళ్ళు మీకు ఇచ్చినట్టు కాదు. బేరం తెరలో రెండు వైపులా ఆ అంశం విడివిడిగా కనిపించాలి. అలయన్స్ (పొత్తు) కుదిరితే ఈ తంటా ఉండదు, దారి అందులోనే కలిసి వస్తుంది.

ప్రశ్న: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ట్రేడ్ కార్ట్‌లు (మార్కెట్ల మధ్య తిరిగే వ్యాపార బండ్లు) పెడితే బంగారం చిల్లరలా వస్తోంది. ఒక్కోసారి గేటు దగ్గరే నిలబడిపోతున్నాయి.
(గునుపూర్ నుంచి)

జవాబు: మార్కెట్లు దగ్గర దగ్గరగా కట్టి ఉంటారు. దూరం రెట్టింపైతే ట్రిప్పుకి వచ్చే బంగారం రెట్టింపు కన్నా ఎక్కువే పెరుగుతుంది. మ్యాపులో మీ మూలకి ఒకటి, జట్టువాడి మూలకి ఒకటి కట్టించండి. మార్కెట్‌కి 175 కట్టెలు, కార్ట్‌కి 100 కట్టెలు, 50 బంగారం. కాసిల్ ఏజ్ అనే దశలో కారవాన్ అనే మెరుగుదల (200 తిండి, 200 బంగారం) చేయిస్తే కార్ట్‌లు 50 శాతం వేగంగా తిరుగుతాయి. గేటు దగ్గర ఆగుతున్నాయంటే ఎవరో తాళం వేశారు. తాళం వేసిన గేటు సొంతవాళ్ళకీ తెరుచుకోదు. తాళం లేకపోతే జట్టువాళ్ళకి దానంతటదే తెరుచుకుంటుంది.

ప్రశ్న: యూరోపా యూనివర్సాలిస్ 4లో మిలిటరీ యాక్సెస్ ఇస్తే వాణిజ్యం పెరుగుతుందా?
(రాయగడ)

జవాబు: పెరగదు, అది సైన్యం నడిచే దారి మాత్రమే. సరుకు నోడు (వాణిజ్య కేంద్రం) నుంచి నోడుకి ఒకే దిక్కున పారుతుంది, చివరికి ఇంగ్లిష్ ఛానల్, జెనోవా, వెనిస్‌లలో ఆగుతుంది. ప్రవాహాన్ని వెనక్కి తిప్పలేరు. సొంత నోడు కాని చోట మర్చంట్‌ని (వర్తకుణ్ణి) కలెక్ట్‌లో, అంటే డబ్బు వసూలు పనిలో, పెడితే అక్కడ మీ ట్రేడ్ పవర్ (వాణిజ్య బలం) సగానికి పడుతుంది. పైన ఉన్న నోడుల్లో మర్చంట్లను మీ నోడు వైపు సరుకు మళ్ళించే పనిలో పెట్టండి.