‘అప్‌కమింగ్’ కాదు, ‘అప్-అండ్-కమింగ్’

అమ్మలూ,

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో జరిగే కచేరీకి నువ్వు రాసిన ఇంగ్లీషు ఆహ్వానం చదివాను. బాగా రాశావు తల్లీ. ఒక్క మాట మార్చు. పాడబోయే అమ్మాయిని ‘అప్‌కమింగ్ సింగర్’ అన్నావు.

హైదరాబాద్‌లో ఆ మాట అందరి నోటా వినిపిస్తుంది. కృష్ణానగర్‌లో ‘అప్‌కమింగ్ హీరో’, క్రికెట్ గ్రౌండ్‌లో ‘అప్‌కమింగ్ బౌలర్’. అయితే అప్‌కమింగ్ అంటే రాబోయేది అని. పరీక్షకు, ఎన్నికకు, నీ కచేరీకి సరిపోతుంది, పాడే మనిషికి కాదు. ఆ పిల్లకు వాడాల్సింది ‘అప్-అండ్-కమింగ్’. 19వ శతాబ్దంలో అమెరికాలో పుట్టిన మాట. మొదట్లో చురుకైనవాళ్లను అలా అనేవారు, పోనుపోను పైకొస్తున్నవాళ్లకు స్థిరపడింది. మన పత్రికల్లో ‘వర్ధమాన గాయని’ అంటామే, అదే. నామవాచకానికి ముందు రాస్తే మధ్యలో అడ్డగీతలు మరిచిపోకు.

ఎవరికి వాడాలన్నదే అసలు సంగతి. 2012లో మన సింధు 17 ఏళ్ల వయసులో చైనా మాస్టర్స్ బ్యాడ్మింటన్ టోర్నీలో లీ షుయెరుయిని ఓడించింది. లీ ఆ ఏడాది ఒలింపిక్ విజేత. అప్పటి సింధుకు ఈ మాట అతికినట్టుండేది. 2016లో రియో రజతం గెలిచాక కూడా అలాగే రాస్తే ఆమెను చిన్నబుచ్చడమే.

నేను పత్రిక డెస్క్‌లో చేరిన కొత్తలో ఈ పొరపాటే చేశాను. ఇరవయ్యేళ్లుగా పాడుతున్న ఒక గాయనిని ‘వర్ధమాన’ అని రాశాను. మర్నాడు ఆవిడ ఫోన్ చేసి, ‘ఇంకా నన్ను వర్ధమానే అంటారా బాబూ’ అని మెల్లగా అడిగింది. ఆ గొంతు నేటికీ నా చెవిలోనే ఉంది. అందుకే ఎవరి పేరు ముందైనా విశేషణం పెట్టేముందు వాళ్లు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో కనుక్కుంటాను. నువ్వూ కనుక్కో.

‘ఆస్పైరింగ్’ కూడా వద్దు. కావాలని ఆశపడేవాళ్లకు అది. ఈ పిల్ల ఆశ దగ్గర ఆగలేదు, ఇప్పటికే మూడు కచేరీలు చేసిందని నువ్వే చెప్పావు. ‘బడ్డింగ్’ అనొచ్చు కానీ అది మొగ్గ దశ. బాగా చిన్నవాళ్లకైతే నప్పుతుంది.

మృదంగం వాయించే పెద్దాయన పేరు ముందు మాత్రం వీటిలో ఏదీ వద్దు. ‘విద్వాన్’ చాలు. కార్డు అచ్చుకిచ్చేముందు ఒకసారి నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న