తగ్గింపులో కొని ఆన్‌లైన్‌లో అమ్మితే మిగిలేదెంత?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: ఆషాఢం తగ్గింపుల్లో మా ఊళ్లోనూ, వీలైనప్పుడు చెన్నై గోడౌన్ వీధిలోనూ చీరలు కొని, వాట్సాప్‌లో తెలిసినవాళ్లకు అమ్ముతున్నాను. 600 రూపాయలకు కొన్న చీర 950కి పోతున్నది. ఇప్పుడు పెద్ద ఆన్‌లైన్ అంగడిలో పెట్టమని మా ఆడపడుచు అంటున్నది. అడిగేవాళ్లలో వేలూరు, బెంగళూరువాళ్లు ఎక్కువ. జీఎస్టీ నంబరు తీసుకోక తప్పదా? చీరకు 350 రూపాయల లాభం నిలుస్తుందా? – ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాను, ఎందుకంటే దాని మీదనే మొదటిది ఆధారపడి ఉన్నది. 350 రూపాయలు నిలవవు. జీఎస్టీ నమోదు చేసుకుని అమ్మితే 950 రూపాయల ధరలో 5 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది కనుక సుమారు 45 రూపాయలు ప్రభుత్వానికి పోతాయి. కమిషను, రవాణా కలిపి ఆన్‌లైన్ సంస్థ 200 రూపాయలు పట్టుకుంటుందని, కవరుకూ అట్టపెట్టెకూ మీకు 15 రూపాయలు అవుతుందని అనుకుందాం. సంస్థనుబట్టి, సరుకునుబట్టి ఈ అంకెలు మారుతాయి. చేరేముందు వారి రుసుముల పట్టికను మీరే చదువుకోవాలి. అసలు 600 తీసివేస్తే చేతిలో మిగిలేది 90 రూపాయలు. చీర కొన్న బిల్లు మీ జీఎస్టీ నంబరుతో ఉంటే, అందులో కట్టిన 28 రూపాయల పన్ను మీకు జమ అవుతుంది కాబట్టి ఆ 90 కాస్తా 118 అవుతుంది. తగ్గింపుల రద్దీలో, నంబరు లేని చీటీతో కొన్న సరుకుకు ఆ జమ రాదు. కొట్టువాడు బిల్లు లేకుండా ఇంకో 20 రూపాయలు తగ్గిస్తానన్నప్పుడు ఈ 28ని గుర్తు పెట్టుకోండి.

ఇక తిరిగివచ్చే సరుకు సంగతి. వాట్సాప్‌లో అమ్మినంత కాలం మీకు ఈ బెడద పెద్దగా తెలిసి ఉండదు; కొన్నది మీ వదినగారి స్నేహితురాలు, రంగు నచ్చకపోయినా మొహమాటానికి ఉంచుకుంటుంది. ముఖం తెలియని కొనుగోలుదారుకు ఆ మొహమాటం ఉండదు. పది చీరలు పంపితే ఒకటి వెనక్కి వచ్చిందనుకోండి. తొమ్మిదింటి మీద 810 రూపాయలు మిగిలితే, ఆ ఒక్కదాని రానుపోను రవాణాకూ ప్యాకింగుకూ 175 రూపాయలు పోతాయి. వచ్చిన చీర కట్టి విడిచినట్టుగా, అంచున పసుపు మరకతో వస్తే దాని అసలు 600 కూడా పోయినట్టే. అప్పుడు మొత్తం పది చీరల మీద మీకు మిగిలింది 35 రూపాయలు. మీ శ్రమ, చెన్నై బస్సు చార్జీ ఈ లెక్కలో లేనే లేవు.

అందుచేత తగ్గింపులో కొనేటప్పుడే చీరను పూర్తిగా విప్పి, వెలుతురులో కొంగు నుంచి కుచ్చిళ్ల వైపు వరకూ చూడండి. ఏడాదిగా అరలో మడతపడి ఉన్న చీరకు మడత గీత వెంబడి రంగు వెలిసి ఉంటుంది. దుకాణపు ట్యూబులైటు కింద అది కనబడదు. జాకెట్టు ముక్క ఉన్నదో, ముందే కత్తిరించారో చూడండి. లోపం ఉన్నా ధరకు గిట్టుబాటు అవుతుందనుకుంటే కొనండి, కాని ఆ లోపాన్ని ఫోటో తీసి వివరణలో రాయండి. 2020 నాటి వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న సరుకునూ, వివరణకు సరిపోని సరుకునూ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీలులేదు. ‘తగ్గింపు సరుకు వాపసు లేదు’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

నమోదు విషయానికి వస్తే, చిత్తూరు మూడు రాష్ట్రాల కూడలిలో ఉండటం వ్యాపారానికి ఎంత మేలో ఈ ఒక్క విషయంలో అంత చిక్కు. సరుకు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవరు దాటేవరకూ జీఎస్టీ నమోదు అక్కరలేదన్నది అందరూ చెప్పే మాట. అది రాష్ట్రం లోపలి అమ్మకాలకే వర్తిస్తుంది. రాష్ట్రం దాటి మామూలు సరుకును ఒక్కటి పంపినా నమోదు తప్పనిసరి, అది ఆన్‌లైన్ అంగడి ద్వారా అయినా, వాట్సాప్‌లో బేరం కుదిరి కొరియరులో వేసినా ఒకటే. నెల్లూరుకు పంపే చీరకు అక్కరలేని నంబరు, మీకు గంట ప్రయాణంలో ఉన్న వేలూరుకు పంపే చీరకు కావాలి. ఇన్నాళ్లూ తెలియక పంపి ఉంటే, ఇకముందు పంపేలోగా ఒక పన్ను సలహాదారును కలిసి సరిచేసుకోండి.

ఇంకొక దారి ఉన్నది. 2023 అక్టోబరు 1 నుంచి, సొంత రాష్ట్రంలో మాత్రమే అమ్మే చిన్న వ్యాపారులు జీఎస్టీ నమోదు లేకుండానే, పాన్ ఆధారంగా జీఎస్టీ పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని ఆన్‌లైన్ అంగడిలో అమ్ముకోవచ్చు. వీరు ధరలో పన్ను వసూలు చేయరు, కొనుబడి మీద పన్ను జమ కూడా వీరికి రాదు. నా అభిప్రాయం అడిగితే, మీరు మొదటి ఏడాది ఈ పద్ధతిలో కడప, నెల్లూరు, విజయవాడలకు అమ్మి, వాపసుల శాతం ఎంతో తెలుసుకుని, ఆ తరువాతే బెంగళూరు గిరాకీ కోసం నమోదుకు వెళ్లడం మంచిది. నమోదు చేసుకున్నాక అమ్మకం లేని నెలల్లో కూడా రిటర్నులు వేయవలసిందే. మానేస్తే ఆలస్య రుసుము పడుతుంది.

నమోదైన వారి అమ్మకాల మీద ఆన్‌లైన్ సంస్థ 0.5 శాతం జీఎస్టీని ముందుగా పట్టుకుని మీ జీఎస్టీ ఖాతాకు జమ చేస్తుంది. అది ఖర్చు కింద రాదు. రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. పండగ సేల్‌లో బ్యాంకు కార్డు తగ్గింపుతో ఫోన్లు కొని, సీలు విప్పకుండా పాత సామాను అమ్మే యాప్‌లో పెడితే ఒక్కొక్కదానికి 1,500 దాకా వస్తున్నది. ఒక కార్డుకు ఒకటే ఇస్తున్నారు కాబట్టి మా చిన్నాన్న, బావల కార్డులు వాడుతున్నాను. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా? – ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: కొన్న వస్తువును మళ్లీ అమ్ముకోవడం నేరం కాదు. అసలైన వస్తువును చట్టబద్ధంగా కొన్నవారు తిరిగి అమ్ముకోవడాన్ని ట్రేడ్‌మార్క్ చట్టం కూడా అడ్డుకోదు. అయితే సొంత వాడకానికే కొనాలన్న షరతును చాలా ఆన్‌లైన్ సంస్థలు పెడతాయి. ఒకే చిరునామాకు వేరువేరు పేర్లతో ఫోన్లు వస్తుంటే ఆర్డర్లు రద్దు చేస్తాయి, ఖాతానే నిలిపివేస్తాయి. ఆ సమయంలో డబ్బు ఇరుక్కునేది మీ చిన్నాన్నగారి కార్డులో.

ఆ కార్డుల సంగతే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది. ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో క్రెడిట్ కార్డు బిల్లుల కింద 10 లక్షల రూపాయలు, నగదుగానైతే లక్ష రూపాయలు చెల్లిస్తే, బ్యాంకు ఆ వివరాన్ని ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. ఖరీదైన ఫోన్లు ఓ ఇరవై కొంటే ఆ హద్దు చేరువవుతుంది. చిన్న జీతమున్న మీ బావగారికి అంత ఖర్చు ఎక్కడిదని నోటీసు వస్తే జవాబు చెప్పవలసింది ఆయనే, చూపించడానికి ఆయన దగ్గర కాగితం ఉండదు. వారికి మీరు బ్యాంకు ద్వారానే డబ్బు తిరిగి ఇవ్వండి, ఏ ఫోను ఎవరి కార్డు మీద ఎంతకు కొని ఎంతకు అమ్మారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. లాభం మీ వ్యాపార ఆదాయం అవుతుంది. మీ రిటర్నులో మీరే చూపాలి.

చాలా బ్రాండ్లకు వారంటీ మొదటి బిల్లు తేదీ నుంచి నడుస్తుంది. అక్టోబరులో కొన్న ఫోనును మీరు జనవరిలో అమ్మితే కొన్నవారికి మూడు నెలలు తగ్గినట్టే, ఆ మాట ముందే చెప్పి బిల్లు కూడా ఇవ్వండి. దొరకని మోడల్ కదా అని పెట్టె మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరకు మించి అడగకూడదు.

ప్రశ్న: శ్రీవారికి భక్తులు కానుకగా వేసిన చేతి గడియారాలను తిరుమల తిరుపతి దేవస్థానం వేలం వేస్తుందని విన్నాను. లాట్ (కొన్నింటిని కలిపిన కుప్ప) కొని విడివిడిగా ఆన్‌లైన్‌లో అమ్మితే గిట్టుబాటు అవుతుందా? – ఒక చిరువ్యాపారి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: విన్నది నిజమే. గడియారాలు, సెల్‌ఫోన్లు, వస్త్రాలను దేవస్థానం రాష్ట్ర ప్రభుత్వపు కొనుగోలు పోర్టల్ ద్వారా ఈ-వేలంలో లాట్లుగా అమ్ముతుంది. వేలం వ్యవహారాలను తిరుపతిలోని హరేకృష్ణ మార్గంలో ఉన్న మార్కెటింగ్ కార్యాలయం చూస్తుంది. ప్రకటనలో ‘కొత్తవి, వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి’ అన్న మాటలు ఉంటాయి. మీ లాభం మొత్తం ఆ మూడు మాటల మధ్యనే ఉన్నది.

పేరున్న కంపెనీల గడియారాలు లాట్‌లో కనిపించగానే కొత్త వస్తువు ధరలో సగం వేసుకుని పాట పెంచేవారు నష్టపోతారు. బ్యాటరీ కారి లోపలి యంత్రం తుప్పు పట్టినది, అద్దం పగిలినది, పట్టీ తెగినది ఎన్ని ఉండవచ్చునో ముందుగా తీసివేసి, మిగిలినవాటికి బ్యాటరీ, శుభ్రపరచడం, పట్టీ ఖర్చు కలిపి, ఆ తరువాత మీ పాట హద్దు నిర్ణయించుకోండి. నమ్మకమైన గడియారాల మెకానిక్ ఒకరు మీకు తెలిసి ఉండకపోతే ఈ పని పెట్టుకోవద్దు.

పన్నులో వాడిన వస్తువులకు ఒక వెసులుబాటు ఉన్నది. నమోదైన వ్యాపారి కొనుబడి మీద పన్ను జమ తీసుకోకుండా, చిన్నపాటి మరమ్మతు తప్ప వస్తువు స్వరూపం మార్చకుండా అమ్మితే, పూర్తి ధర మీద కాక కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదనే జీఎస్టీ కట్టవచ్చు. జమ తీసుకుంటే ఈ వెసులుబాటు పోతుంది. రెండూ కలిసి రావు.

శ్రీవారి కానుక అని రాసి ధర పెంచవచ్చునా అని మీరు అడగలేదు కాని, అడగబోయేవారు ఉంటారు. మీ దగ్గర ఉన్నది లాట్ కొన్న కాగితం, ఫలానా గడియారం హుండీలోదని చెప్పే పత్రం కాదు. వాడిన గడియారం, పని చేస్తున్నది, గీతలు ఇక్కడ ఉన్నాయి అని రాసి అమ్మండి.

ప్రశ్న: నేను ఆన్‌లైన్‌లో పెట్టిన మిక్సీకి ఒకరు బేరం కూడా ఆడకుండా ఒప్పుకుని, తాను సైనికుడినని చెప్పి, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ పంపారు. స్కాన్ చేయవచ్చా? – ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: చేయవద్దు. డబ్బు రావడానికి స్కాన్ అక్కరలేదు, యూపీఐ పిన్ అసలే అక్కరలేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతా నుంచి డబ్బు పోతున్నట్టే. మిక్సీని చూడకుండా, బేరమాడకుండా అడిగిన ధర ఇస్తానన్నప్పుడే అనుమానించవలసింది. ఇప్పటికే ఏమైనా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబరు నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, మీ బ్యాంకుకు కూడా చెప్పండి. డబ్బు మోసగాడి ఖాతా దాటకముందే ఫిర్యాదు అందితే దాన్ని నిలిపివేయించే అవకాశం ఉంటుంది.