మెల్‌బోర్న్‌లో బాతుల వేట: ఓటు లేనివాళ్లం ఏం చేయగలం?

ఇక్కడ సరదాకి అడవి బాతుల్ని కాల్చడం చట్టబద్ధమేనని తెలిసి మనసు పాడైందని, ఓటు హక్కు లేని మనం ఏం చేయగలమని అడిగారు. చాలా చేయొచ్చండి. వేట సీజన్లో గాయపడిన పక్షుల్ని కాపాడే వాలంటీర్లతో కలిసి పనిచేస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

పశ్చిమ ఆస్ట్రేలియా 1990లో, న్యూ సౌత్ వేల్స్ 1995లో, క్వీన్స్‌లాండ్ 2005లో ఈ వేటను నిషేధించాయి. మెల్‌బోర్న్ ఉన్న మన విక్టోరియా రాష్ట్రంలో 2023లో పార్లమెంటు కమిటీ జనం అభిప్రాయాలు అడిగితే పది వేలకు పైగా వచ్చాయి. వేట ఆపేయమని కమిటీ సిఫారసు చేసింది. 2024 జనవరిలో ప్రభుత్వం కుదరదంది. 2023లో మనిషికి రోజుకు 4 బాతులే కొట్టాలన్నారు, 2025కి వచ్చేసరికి 9 చేశారు. నాకింకా ఆ కోపం తగ్గలేదు.

పడవల్లో వెళ్లిన వాలంటీర్లు తెచ్చిన గాయపడిన పక్షుల్ని ఒడ్డు మీది వెటర్నరీ టెంటుకు చేర్చడం నా పని. ఒకసారి చేతికిచ్చిన గ్రే టీల్ అనే అడవి బాతుని పైపైన చూస్తే దెబ్బే తగల్లేదనిపించింది. ఎర్రటి కన్ను చురుగ్గా తిప్పుతోంది. డాక్టరమ్మ రెక్క కింద ఈకల్ని ఊది చూపించింది. మిరియపు గింజంత రంధ్రం, లోపల ఎముక విరిగిపోయి ఉంది. షాట్‌గన్ తూటాలోంచి పదుల కొద్దీ ఉక్కు గుళ్లు చెదిరి వస్తాయి. గురిపెట్టిన బాతుతో పాటు పక్కదానికీ తగులుతాయి. అక్కడికక్కడే చావనివి తుంగలోకి దూరి రోజుల తరబడి నరకయాతన పడతాయి. పైగా మసక వెలుగులో ఎగిరిపోతున్న బాతు ఏ జాతిదో పోల్చుకోవడం ఎంత కష్టం! 2013లో విక్టోరియాలోనే బాక్స్ ఫ్లాట్ అనే చోట చంపిన వందల పక్షుల్లో, చట్టం కాపాడాల్సిన ఫ్రెకిల్డ్ బాతులు కూడా ఉన్నాయి.

అందుకే మీకు గట్టిగా చెప్పేది ఒకటే, పక్షుల్ని లెక్కపెట్టండి. అంతరించే ప్రమాదమున్న జాతులు చేరిన చెరువుల్ని వేటకు మూసేసే అధికారం ప్రభుత్వానికి ఉంది, కొన్నింటిని మూస్తున్నారు కూడా. అవి అక్కడున్నాయని ఎవరో ఒకరు చూసి రాసి పంపాలిగా! తేదీ, చోటు, ఎన్ని కనిపించాయి, వీలైతే ఫోటో. ఇవన్నీ పక్షుల సంరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ ఆస్ట్రేలియా వాళ్ల బర్డేటా యాప్‌లో ఎక్కించి, వేట వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ గేమ్ మేనేజ్‌మెంట్ అథారిటీకి కూడా మెయిల్ పెట్టండి. మీ ఏరియా రాష్ట్ర పార్లమెంటు ఎంపీకి రాయడానికి ఓటరు కార్డు ఎవరూ అడగరు. అడ్రసు మాత్రం తప్పకుండా రాయండి, తన నియోజకవర్గం మనిషే అని తెలియాలి.

సీజన్లో చెరువు దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దు, వేటగాళ్లతో వాదనకు దిగొద్దు. లైసెన్సు లేనివాళ్లు కొన్ని వేళల్లో అటు రాకూడదన్న నిబంధనలున్నాయి, జరిమానా పడుతుంది. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు? వాలంటీర్ల బృందంలో పేరిచ్చి టెంటు దగ్గర సాయం చేయండి. సీజన్ మామూలుగా మార్చిలో మొదలవుతుంది కాబట్టి లెక్కలు డిసెంబరు, జనవరి నుంచే మొదలుపెట్టండి. ఖరీదైన టెలిస్కోపు అక్కర్లేదు, మామూలు బైనాక్యులర్ చాలు.