పదకొండు వేల డాలర్లు, రెండు తలుపుల కారు

(కార్ల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులు. ఇచ్చేది విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, ఇప్పుడు డాలస్ దగ్గర గ్యారేజీ నడుపుతున్న మెకానిక్.)

ప్రశ్న: అన్నగారూ, నాకు 26 ఏళ్ళు. ఇర్వింగ్‌లో ఉద్యోగం. రోజూ రానూపోనూ 40 మైళ్ళు. వెనక చక్రాలు లాగే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, అదీ మాన్యువల్ గేర్లది కొనాలని ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ కోరిక. టాక్సు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి నా దగ్గరున్నది 11,000 డాలర్లు. అప్పు చెయ్యను. మూడు ప్రకటనలు చూసి పెట్టుకున్నాను. 2005 నిస్సాన్ 350జెడ్ 7,500. 2013 సయాన్ ఎఫ్ఆర్-ఎస్, లక్షా నాలుగు వేల మైళ్ళు తిరిగింది, 9,800. 2006 మాజ్దా ఆర్ఎక్స్-8 4,900. రూమ్మేట్లంతా కరోలా కొనుక్కోమంటున్నారు. దయచేసి మీరూ ఆ మాట అనకండి.
– ఎస్., ఇర్వింగ్

జవాబు: అననులే తమ్ముడూ. ఆ మాట చెప్పడానికి నీకు ఇంట్లోనే మనుషులున్నారు.

ముందు మాజ్దా సంగతి తేల్చేద్దాం. దాన్ని తీసెయ్. చూడ్డానికి ముచ్చటైన బండి, నడుపుతుంటే ఇంకా ముచ్చట. కానీ లోపల పిస్టన్లుండవు, మూడు మూలల రోటరు తిరుగుతుంటుంది. ఆ మూలల దగ్గర ఉండే సీళ్ళు అరిగాయంటే కంప్రెషన్ (లోపల గాలిని నొక్కిపెట్టే ఒత్తిడి) పోతుంది, ఇంజన్ విప్పాల్సిందే. కంపెనీ అప్పట్లో ఇంజన్ వారంటీని 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకు పెంచింది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ ఇంజన్ ఆయిల్ తాగడం జబ్బు కాదు, దాని తయారీయే అంత. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, రెండడుగులు జరిపి ఆపేశావా, పెట్రోల్ ముంచేసుకుని మళ్ళీ స్టార్ట్ కాదు. వేడి మీద స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే కంప్రెషన్ పోయినట్టే అనుకో. ఇంట్లో ఇంకో కారున్నవాడికి అది సరదా. నీకు పొద్దున్నే ఆఫీసుకెళ్ళడానికి ఉండేది అదొక్కటే.

ఇక 350జెడ్. నాకు ఇష్టమైన బండే. 3.5 లీటర్ల వీ6, కొన్నేళ్ళకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్టు గొడవ లేదు, చైనే. అయితే ఏ ఏడాదిదన్నది చూడాలి. 2003, 2004 బళ్ళకు 287 హార్స్‌పవర్. మొదట్లో వచ్చిన గేర్‌బాక్సుల్లో సింక్రోలు (గేర్లు సాఫీగా కలవడానికి ఉండే రింగులు) బలహీనం, వేగంగా గేరు మారిస్తే గరగరమంటాయి. 2005లో కొన్నిటికి, 2006లో మాన్యువల్ బళ్ళన్నిటికీ 300 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టారు. ఆయిల్ తాగుతుందని పేరు పడింది అదే. 2007, 2008ల్లో వచ్చింది 306 హార్స్‌పవర్‌ది, ఆ మూడింట్లో మంచిది. బోనెట్ ఎత్తితే ఎయిర్ ఫిల్టర్ డబ్బాలు రెండు కనిపిస్తాయి, అదే గుర్తు. దానికీ ఒక లోపముంది. ముందువైపు లోపల ఆయిల్ దారికి ఉండే గ్యాలరీ గాస్కెట్ చీలితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. ఏమైనా నీ ధరకు ఆ ఏళ్ళవి మంచి కండిషన్‌లో దొరకడం కష్టం.

మొన్న వేసవిలో ఒక కుర్రాడు 2006ది చూపించడానికి పట్టుకొచ్చాడు. ‘ఆయిల్ ఇప్పుడే మార్పించా’నని అమ్మేవాడు చెప్పాడట. డిప్‌స్టిక్ తుడిచి మళ్ళీ పెట్టి లాగితే కొసన ఒక్క చుక్క. లిఫ్టు ఎక్కించాం. వెనక టైర్లు బయటి నుంచి చూస్తే కొత్తవే, గాడులు లోతుగా ఉన్నాయి. లోపలి అంచు తడిమితే నా వేలికి స్టీలు తీగలు గుచ్చుకున్నాయి. స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించారు, చక్రాలు లోపలికి వాలిపోయాయి, అలైన్‌మెంట్ ఊసే లేదు. వెనక బంపరు లోపల టింకరింగ్ చేసిన రేకు మీద రంగు తుంపర్లు. ఇవన్నీ దాచి పైన మెరిసే పాలిష్ కొట్టారు. కుర్రాడికి ఇంకా మనసు లాగుతూనే ఉంది పాపం, ‘అంకుల్, సౌండ్ మాత్రం అదిరింది కదా’ అన్నాడు. అదిరిందంటే ఎందుకు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు పీకేశారు మరి.

మన టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. దాంతో తనిఖీయే లేదనుకుంటున్నారు చాలామంది. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. కన్వర్టర్ లేని బండి అందులో ఫెయిలవుతుంది, రిజిస్ట్రేషన్ ఆగుతుంది. కొందరు తెలివిగా బ్యాటరీ తీగ పీకి, చెక్ ఇంజన్ లైటు ఆర్పేసి చూపిస్తారు. ముప్పై డాలర్లలోపు వచ్చే చిన్న స్కానర్ కొనుక్కెళ్ళి డ్యాష్ కింద తగిలించు. మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) చాలావరకు ‘నాట్ రెడీ’ అని చూపిస్తే లైటు నిన్ననో మొన్ననో ఆర్పారన్నమాట.

కాబట్టి నీ మూడింట్లో మిగిలింది ఎఫ్ఆర్-ఎస్. నేనైతే దాని వెనకాలే పడతాను. 2 లీటర్ల బాక్సర్ ఇంజన్ (పిస్టన్లు అటూ ఇటూ అడ్డంగా పడుకుని ఉంటాయి), 200 హార్స్‌పవర్. కాగితం మీద తక్కువే. బండి బరువు 2,800 పౌండ్ల లోపు కావడంతో మలుపులో ఆ తక్కువ తెలియదు. సుబారు బీఆర్‌జడ్ అన్నా, 2017 నుంచి టయోటా 86 అన్నా ఇదే కవల, వాటి ప్రకటనలు కూడా వెతుకు. వెనక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి పంచేది) కంపెనీ నుంచే వచ్చింది. టైర్లు నాలుగూ ఒకే సైజు, 17 అంగుళాలవి, ఖరీదు తక్కువ. 350జెడ్‌కు ముందు ఒక సైజు, వెనక ఒక సైజు, కాబట్టి ముందువి వెనక్కి మార్చుకుని అరుగుదల పంచడం కుదరదు. ఎఫ్ఆర్-ఎస్ వెనక సీట్లో మనిషి కూర్చోలేడు, ఆ సీటు మడిస్తే మాత్రం నాలుగు టైర్లు పడతాయి.

2013 మోడల్ అన్నావు కనక ఒక పెద్ద సంగతి. వాల్వు స్ప్రింగులు విరిగే ప్రమాదం ఉందని 2018 చివర్లో ఆ బళ్ళను ఉచిత రిపేరుకు వెనక్కి పిలిచారు (రీకాల్). బాక్సర్ ఇంజన్లో ఆ పని చెయ్యాలంటే ఇంజన్ కిందికి దించాలి. రిపేరు తర్వాత కొన్ని ఇంజన్లు పాడయ్యాయని యజమానులు కోర్టుకెక్కారు. లోపల పూసిన సీలెంట్ ఎక్కువై ఆయిల్ దారికి అడ్డం పడిందన్నది వాళ్ళ వాదన. నువ్వు చెయ్యాల్సింది: విన్ నంబరు (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబరు) తీసుకుని, అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్లో కొట్టు, పైసా ఖర్చు లేదు, రీకాల్ పెండింగ్ ఉందో లేదో తెలుస్తుంది. పని అయిపోయి ఉంటే ఆ బిల్లు అడుగు, అప్పటి మైళ్ళు చూడు. రిపేరయ్యాక ముప్పై నలభై వేల మైళ్ళు తిరిగి నిశ్శబ్దంగా ఉంటే ధైర్యంగా ముందుకెళ్ళు.

నిశ్శబ్దమంటే పూర్తిగా కాదు. ఆ ఇంజన్ ఐడిల్‌లో కీచురాయిలా చిర్రుమంటుంటుంది. అది ఫ్యూయల్ పంపు, భయపడకు. క్లచ్చి తొక్కితే మారే కిచకిచ రిలీజ్ బేరింగ్‌ది. క్లచ్చి వేసేటప్పుడు మార్చుకోవచ్చు, బేరానికి పనికొస్తుంది. యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే బరువైన టకటక వినిపించిందా, బేరమాడకు, నమస్కారం పెట్టి వచ్చెయ్. ఈ చప్పుళ్ళు చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి నుంచీ వినాలి, అందుకే అమ్మేవాడికి ముందే చెప్పు, ‘నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్ద’ని. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే ఎందుకని అడుగు.

ఖాళీ పార్కింగ్‌లో స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిప్పు. వెనక చక్రాలు గెంతుతూ రోడ్డును గీరితే డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేశారన్నమాట. డ్రిఫ్టింగ్ కుర్రాళ్ళ పని. హ్యాండ్‌బ్రేకు పక్కన అదనంగా బోల్టు రంధ్రాలున్నా ఆ వంశమే. నీలాంటివాడికి మార్పులు చేసిన బండి వద్దే వద్దు. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న పాత సైలెన్సర్, అమ్మేవాడి ఫైల్లో ఆయిల్ మార్పు బిల్లులు, టైరు మీద నాలుగంకెల తేదీ. ఇవి ఎంత చప్పగా ఉంటే నాకంత సంతోషం. ఆ తేదీలో 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడులెంత లోతున్నా ముసలి టైరుతో వానలో వెనక చక్రాల బండి తోలకు.

మన దగ్గర వసంతంలో వడగళ్ళు ఎలా పడతాయో చూశావుగా. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు టాప్ మీదుగా చూస్తే సొట్టలు తెలుస్తాయి. సొట్టలు ఫర్వాలేదు, ధర తగ్గుతుంది. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ‘రీబిల్ట్’, ‘సాల్వేజ్’ అని ఉంటే బాగా దెబ్బతిన్న బండన్నమాట, వద్దు, రేపు నువ్వు అమ్మలేవు. టైటిల్ అమ్మే మనిషి పేరు మీదే ఉండాలి. ‘మా ఫ్రెండ్‌ది’ అన్నాడంటే బయానా ఇవ్వకు.

ఇప్పుడు లెక్క. 11,000 ఉంది కదా అని 9,800 పెట్టావంటే మొదటి నెలలోనే చెయ్యి చాచాలి. టెక్సస్ టాక్సు 6.25 శాతం. 8,500కు కొంటే 531 డాలర్లు. ప్రభుత్వం ఆ బండికి వేసిన విలువలో 80 శాతం కన్నా నీ ధర తక్కువైతే ఆ 80 శాతం మీదే వసూలు చేస్తారు, ధర తక్కువ రాసుకుని లాభం లేదు. కొనేముందు మెకానిక్‌కు చూపించడానికి ఓ 200 వేసుకో. ఇవి పోను 1,700 పైచిలుకు మిగులుతుంది. అందులోంచి ఇన్సూరెన్సు మొదటి విడత, గేర్, డిఫరెన్షియల్ ఆయిళ్ళు, బ్రేకు ఆయిల్, కావాలంటే టైర్లు. అందుకే 8,500 దగ్గర ఆగు. మాన్యువల్ బండికి కొనేవాళ్ళు తక్కువ, రెండు వారాలు ప్రకటన అలాగే ఉంటే అతనే ఫోన్ చేస్తాడు. విన్ నంబరుతో ఇన్సూరెన్సు ధర ముందే కనుక్కో. నీ వయసుకు, ఇక్కడి లైసెన్సు కొత్తదైతే, ఆ అంకె చూసి మూడ్నాలుగు కంపెనీలకు ఫోన్ చేస్తావు.

బేరం కుదరకపోతే 2011 నుంచి 2014 మధ్య ఫోర్డ్ మస్టాంగ్ వీ6 చూడు. 3.7 లీటర్లు, 305 హార్స్‌పవర్, మామూలు పెట్రోల్ చాలు. ఎఫ్ఆర్-ఎస్‌కు ప్రీమియమే పొయ్యాలి. విడిభాగాలు ఏ షాపులోనైనా దొరుకుతాయి. వెనక ఇరుసు పాతకాలపు ఒకే ముక్క ఇరుసే, గతుకుల మలుపులో ఎగురుతుంది, మాన్యువల్ గేర్ల మీద ఫిర్యాదులున్నాయి, అయినా నిన్ను రోడ్డు మీద వదిలెయ్యదు. 2010 వరకు వచ్చిన 4 లీటర్ల వీ6 వద్దు. దాని టైమింగ్ చైన్లలో ఒకటి ఇంజన్ వెనక ఉంటుంది, మార్చాలంటే ఇంజన్ దించాలి. బీఎండబ్ల్యూ 335 చవగ్గా కనిపిస్తుంది. ఎందుకు చవకో నా గ్యారేజీకొస్తే చూపిస్తాను.

ప్రశ్న: అయ్యా, మాది నరసరావుపేట. మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. వెనక చక్రాలతో నడిచే కారు కొంటానంటున్నాడు. అవి తిరగబడతాయని ఇక్కడ అంటున్నారు. వద్దని గట్టిగా చెప్పమంటారా?
– ఓ తండ్రి

జవాబు: మాస్టారూ, మనూళ్ళో ఇన్నేళ్ళు పెళ్ళిళ్ళకు తిరిగిన అంబాసిడర్ కూడా వెనక చక్రాల బండే. తిరగబడటం కాదు, తడి రోడ్డు మీద ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం పక్కకు జారుతుంది. అది పట్టుకోవడానికే స్టెబిలిటీ కంట్రోల్ అని ఒకటుంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ అది తప్పనిసరి. అంతకు ముందువాటిలో కొన్నిటికి లేదు. మీరు వద్దనకండి, ‘2012 తర్వాతదే కొనరా, ఆ బటన్ ఆఫ్ చెయ్యకురా’ అనండి. వద్దంటే మీకు చెప్పకుండా కొంటాడు.

ప్రశ్న: మూడేళ్ళలో హైదరాబాద్ వచ్చేస్తాను. ఇక్కడ కొన్న స్పోర్ట్స్ కారును ఓడలో తెచ్చుకోవచ్చా?
– కె., ప్లేనో

జవాబు: కుదరదు. విదేశాల నుంచి తెచ్చే పాత కారు తయారై మూడేళ్ళు మించకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. అమెరికా బండి ఎడమవైపుది, మొదటి గుమ్మంలోనే ఆగిపోతుంది. వచ్చే ముందు మంచి ధరకు అమ్ముకో. సర్వీసు బిల్లులు, రెండో తాళంచెవి, నువ్వు మార్పించిన పాత భాగాల రసీదులు ఒక ఫైల్లో పెట్టుకో. ఎవరో ఒక తమ్ముడు అవే అడుగుతాడు.